ప్రోటీన్లకు దారి చూపిన టిసేలియస్

మన బడి స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు నాకు స్వీడన్ శాస్త్రవేత్త ఆర్నె టిసేలియస్ గుర్తొచ్చారు. హైదరాబాద్‌లో ప్రోటీన్ మందులను శుద్ధిచేసే పని నాది. మందు రోగికి చేరాలంటే ముందు మా కాలమ్ దాటాలి. ఆ కాలమ్ వెనుక ఆయన జీవితం ఉంది.

టిసేలియస్ 1902 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోవడంతో కుటుంబం గోథెన్‌బర్గ్ చేరింది. అక్కడి బడిలో కెమిస్ట్రీ, బయాలజీ చెప్పిన మాస్టారు ఆ పిల్లవాడిలోని ఆసక్తిని కనిపెట్టి ప్రోత్సహించారు. తరువాత ఉప్సాలా విశ్వవిద్యాలయంలో స్వెడ్‌బెర్గ్‌కు శిష్యుడయ్యారు.

1937లో ఆయన విద్యుత్ సాయంతో రక్తంలోని సీరం ప్రోటీన్లను ఆల్బుమిన్, ఆల్ఫా, బీటా, గామా గ్లోబ్యులిన్లుగా విడదీసి చూపారు. ఆ తరువాత కబాట్‌తో కలిసి, యాంటీబాడీలు గామా భాగంలో ఉంటాయని తేల్చారు. 1948లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ఆ పద్ధతిలో ప్రోటీన్లు వేరైనట్టు కనిపించేవే గాని, ఒక్కోదాన్నీ శుభ్రంగా పట్టుకోవడం కష్టం. అందుకు కాలమ్ కావాలి. అందులో ఏం నింపాలన్నదే చిక్కు. బొగ్గుపొడి లాంటివి పెద్ద ప్రోటీన్లను గట్టిగా పట్టేసుకుంటాయి. ఘాటైన రసాయనాలతో ఊడదీస్తే ప్రోటీన్ చెడుతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్ళీ పచ్చిదవుతుందా?

నోబెల్ వచ్చాక కూడా ఆయన ఈ చిక్కును వదల్లేదు. 1956లో యెర్టెన్, లెవిన్‌లతో కలిసి హైడ్రాక్సీఅపటైట్ కాలమ్‌ను ప్రకటించారు. మన ఎముకల్లో, పళ్ళలో ఉండే ఖనిజమే అది. ఫాస్ఫేట్ ద్రావణం గాఢతను మెల్లగా పెంచుతూ పోతే ప్రోటీన్లు చెడకుండా వరసగా పట్టు వదులుతాయి.

1959లో ఆయన సంస్థలోని పోరాత్, ఫార్మాసియా కంపెనీకి చెందిన ఫ్లోడిన్ డెక్స్‌ట్రాన్ జెల్ పూసలతో కొత్త దారి చూపారు. దాని పేరే సెఫాడెక్స్. జల్లెడలో చిన్నవి ముందు రాలతాయి, ఇక్కడ పెద్దవి ముందు బయటికొస్తాయి. తిరునాళ్ళలో పిల్లలు కొట్టుకొట్టుకీ దూరుతూ వెనకబడితే, పెద్దవాళ్ళు తిన్నగా నడిచి ముందే బయటపడినట్టు, పెద్ద ప్రోటీన్లు పూసల రంధ్రాల్లో పట్టక నేరుగా వచ్చేస్తాయి. ఇంకా భారీ అణువుల కోసం 1960లలో యెర్టెన్ సముద్రపు నాచునుంచి వచ్చే అగరోజ్‌తో పూసలు చేశారు.

సెఫాడెక్స్ పత్రం మీద టిసేలియస్ పేరు లేదు. తన గురువు తనకు ఇచ్చిన స్వేచ్ఛనే ఆయన శిష్యులకూ ఇచ్చారని నాకనిపిస్తుంది. 1971 అక్టోబరు 29న ఆయన కన్నుమూశారు. ఆయన గామా భాగంలో గుర్తించిన యాంటీబాడీలే నేడు క్యాన్సర్ మందులు. వాటిని ఇప్పటికీ ఎక్కువగా అగరోజ్ పూసల మీదే శుద్ధి చేస్తున్నాం.