జిమ్మీ రాడ్జర్సు

శ్రామికులు పాడుకొను పాటకు గౌరవము ఏ దేశమునందైనను ఆలస్యముగనే లభించును. అమెరికా దక్షిణ రాష్ట్రములలోని రైతుల పాట నేడు కంట్రీ సంగీతమను పేర లోకవిఖ్యాతమై యున్నది. ఆ సంగీతమునకు పితయని పేరొందిన జిమ్మీ రాడ్జర్సు విద్వాంసుడు కాడు; రైలుబండ్లపై బ్రేకులు వేసి పొట్టపోసికొనిన కార్మికుడు.

ఆయన 1897 సెప్టెంబరు 8వ తేదీన జన్మించెను. మిసిసిపీ రాష్ట్రములోని మెరిడియన్ పట్టణము ఆయన స్వస్థలము. బాల్యముననే తల్లి గతించెను. తండ్రి రైలుమార్గపు కూలీలకు మేస్త్రీ. ఆ నల్లజాతి కూలీలకు మంచినీరు మోయుచు బాలుడు వారి పాటలు వినెను. అదియే ఆయన గురుకులము.

1924లో క్షయ సోకెను. రైలుపనికి శరీరము సహకరింపకుండుటచే పాటయే జీవనాధారమయ్యెను. 1927 ఆగస్టులో బ్రిస్టల్ పట్టణమున విక్టర్ కంపెనీవారికి రెండు పాటలు పాడెను. ఆ నవంబరులో పాడిన ‘బ్లూ యోడెల్’ ఆయన కీర్తిని దేశమంతట వ్యాపింపజేసెను. కంఠమును హఠాత్తుగా సన్నని పైస్థాయికి విరుచు యోడెల్ పద్ధతిని నల్లవారి బ్లూస్ బాణీతో మేళవించుటయే ఆయన ప్రత్యేకత.

వ్యాధి వదలలేదు, ఆయనయు పాట వదలలేదు. తన క్షయరోగమును గూర్చియే పాట పాడెను. 1933 మే నెలలో న్యూయార్కునందు పాటకును పాటకును నడుమ మంచముపై విశ్రమించుచు రికార్డులిచ్చెను. కడపటి పాట ముగిసిన రెండు దినములకు, మే 26వ తేదీన, ముప్పదియైదేండ్ల ప్రాయమున కన్నుమూసెను. ఆరేండ్లలో నూటికి మించిన పాటలు మిగిల్చెను.

ఆ రికార్డులు సముద్రములు దాటెను. కెన్యాలోని కిప్సిగిస్ జనులు ఆయన పేరును ‘చెమిరోచా’గా మార్చి, సగము మనిషియు సగము లేడియునైన వానిగా భావించి పాడుకొనిరి, 1950లో ఆ పాటయు రికార్డయ్యెను. 1961లో కంట్రీ సంగీత కీర్తిమందిరమున తొలుత చేర్చబడిన మువ్వురిలో ఆయన యొకడు.

అయినను ఒక ఋణము మిగిలియున్నది. 1930లో ఆయన పాటకు ట్రంపెట్ ఊదిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ నల్లజాతి మహాకళాకారుడు. ఆయన పేరైనను ఆ రికార్డుపై అచ్చుకాలేదు. ఇక నీరు త్రాగి పాట నేర్పిన కూలీల పేరులు ఎవరు వ్రాసియుంచిరి? రాడ్జర్సు కీర్తికి ఇందువలన లోపము లేదు. కాని పితను కొనియాడు లోకము ఆ పితకు విద్యనొసగిన గురువులను మరచుట న్యాయము కాదు.