కంటి లోపలి రక్తనాళాలను వెలుగులోకి తెచ్చిన హెల్మ్‌హోల్ట్జ్

న్యూఢిల్లీ: వసంత్ కుంజ్‌లో గానీ, మరే ఊరిలో గానీ మధుమేహ రోగి నేత్ర వైద్యుని ఎదుట కూర్చుంటే, కొద్ది నిమిషాల్లో అతని రెటీనా మీది సన్నని రక్తనాళాలు తెరపై కనిపిస్తాయి. కోత లేదు, నేటి కొన్ని యంత్రాలకు రంగు ద్రవం ఎక్కించే సూది కూడా అక్కరలేదు. సజీవమైన కంటిలోకి ఇలా చూడడానికి దారి చూపినవారు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్.

ఆయన 1821 ఆగస్టు 31న పోట్స్‌డామ్‌లో ఒక ఉపాధ్యాయుని ఇంట జన్మించారు. మనసు భౌతికశాస్త్రం మీద ఉన్నా, చదివించే స్తోమత తండ్రికి లేదు. సైన్యంలో వైద్యునిగా పనిచేయాలన్న షరతుపై ప్రభుత్వ ఖర్చుతో బెర్లిన్‌లో వైద్యం చదివారు. సైనిక వైద్యునిగా ఉండగానే, 1847లో శక్తి నిత్యత్వంపై ప్రసిద్ధ వ్యాసాన్ని వెలువరించారు.

కోనిగ్స్‌బెర్గ్‌లో ఆచార్యునిగా చేరాక, కొలవడం అసాధ్యమని పెద్దలు భావించిన నాడీ సంకేతాల వేగాన్ని కప్ప కండరాలపై ప్రయోగాలతో కొలిచారు. అది సెకనుకు సుమారు 27 మీటర్లని తేలింది. కంటి పరికరం కూడా ఆ రోజుల్లోనే, తరగతి గది అవసరం నుంచి పుట్టింది.

కనుపాప నల్లగా ఎందుకు కనిపిస్తుందో విద్యార్థులకు వివరించాలని ఆయన సంకల్పించారు. కంటిలోకి వెళ్లిన కాంతి వచ్చిన దారినే దీపం వైపు మళ్లుతుంది. దాన్ని చూడాలంటే ఆ దారిలోనే తల పెట్టాలి. పెడితే దీపానికి అడ్డం. హెల్మ్‌హోల్ట్జ్ పలుచని గాజు పలకలను ఏటవాలుగా నిలిపారు. దీపపు వెలుగు వాటిపై పడి పరావర్తనమై రోగి కంటిలోకి ప్రవేశిస్తుంది. తిరిగి వచ్చే వెలుగులో కొంత గాజు గుండా పరీక్షకుని కంటికి చేరుతుంది. కళ్లద్దాల కటకాలు, అట్ట, జిగురు: తొలి నమూనాకు సామగ్రి ఇంతే. 1850 డిసెంబరులో ఈ ఆవిష్కరణను బెర్లిన్ భౌతికశాస్త్ర సంఘానికి తెలియజేసి, మరుసటి ఏడాది పుస్తకంగా ప్రచురించారు.

ఇంగ్లండ్‌లో ఛార్లెస్ బాబేజ్ 1847లోనే ఇటువంటి సాధనాన్ని రూపొందించారు. అయితే దాన్ని చూసిన నేత్ర వైద్యుడు దాని విలువను గుర్తించకపోవడంతో అది మరుగున పడిపోయింది. హెల్మ్‌హోల్ట్జ్‌కు ఆ దురదృష్టం ఎదురుకాలేదు. బెర్లిన్‌లో ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె వెంటనే ఆ పరికరాన్ని చేపట్టి వైద్యంలో స్థిరపరిచారు. కంటి లోపలి ధమనులు, సిరలు వేర్వేరుగా కనిపించసాగాయి. శతాబ్దం ముగిసేలోగా లండన్‌లో మార్కస్ గన్, రక్తపోటు వల్ల ధమనులు సన్నబడి, అవి దాటే చోట సిరలు నొక్కుకుపోవడాన్ని వర్ణించారు. వైద్యులు అంచనాగా చెప్పిన ఆ వ్యాసాలను నేడు కంప్యూటర్లు ఛాయాచిత్రాల నుంచి మైక్రాన్లలో లెక్కగడుతున్నాయి.

హెల్మ్‌హోల్ట్జ్ మాత్రం పరికరాన్ని వైద్యులకు వదిలి ముందుకు సాగారు. సజీవ నేత్రంలో కార్నియా వంపును కొలిచే మరో సాధనాన్ని రూపొందించారు. బాన్, హైడెల్‌బర్గ్‌లలో బోధించారు. కోరుకున్న భౌతికశాస్త్ర పీఠం ఆయనకు 1871లో, యాభయ్యో ఏట, బెర్లిన్‌లో దక్కింది. అక్కడ హైన్‌రిక్ హెర్ట్జ్ ఆయన శిష్యుడయ్యారు.

1893లో అమెరికా నుంచి తిరిగి వస్తూ ఓడలో పడి ఆయన గాయపడ్డారు. 1894 సెప్టెంబరు 8న షార్లొటెన్‌బర్గ్‌లో కన్నుమూశారు.