స్టీఫెన్ కఫ్లర్

స్టీఫెన్ విలియం కఫ్లర్ (ఆగష్టు 24, 1913 - అక్టోబరు 11, 1980) హంగరీలో జన్మించిన ప్రముఖ నాడీ శాస్త్రవేత్త. ఒక గీత నిలువుగా ఉందో, అడ్డంగా ఉందో, వాలుగా ఉందో మెదడు ఎలా గుర్తిస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఇతని పరిశోధనల పునాదిపైనే లభించింది.

జీవితం

కఫ్లర్ 1937లో వియన్నాలో వైద్యవిద్య పూర్తిచేశాడు. 1938లో జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించుకోవడంతో దేశం విడిచి ఆస్ట్రేలియా చేరుకున్నాడు. సిడ్నీలో జాన్ ఎకిల్స్, బెర్నార్డ్ కాట్జ్‌లతో కలిసి నాడుల నుండి కండరాలకు సంకేతాలు చేరే విధానాన్ని పరిశోధించాడు. 1945లో అమెరికా వెళ్ళి, 1947 నుండి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలోను, 1959 నుండి హార్వర్డ్‌లోను పనిచేశాడు. 1966లో హార్వర్డ్ వైద్య కళాశాలలో నాడీజీవశాస్త్ర శాఖను స్థాపించాడు.

రెటీనాపై పరిశోధన

పిల్లి కంటి రెటీనాపై సన్నని కాంతి చుక్కను ప్రసరింపజేసి, మెదడుకు సంకేతాలు పంపే కణాల స్పందనను కొలిచి, ఆ ఫలితాలను 1953లో ప్రచురించాడు. ఒక్కొక్క కణం గుండ్రని చిన్న ప్రాంతాన్ని గమనిస్తుంది. మధ్యలో పడిన వెలుగు కొన్ని కణాలను ఉత్తేజపరిస్తే, చుట్టూ పడిన వెలుగు వాటినే అణచివేస్తుంది. మరికొన్నింటిలో ఇది తారుమారుగా ఉంటుంది. అనగా కన్ను కేవలం వెలుగు పరిమాణాన్ని గాక, వెలుగునీడల భేదాన్ని మెదడుకు తెలుపుతుంది.

గీతల దిశ

1958లో ఇతని ప్రయోగశాలలో డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీజెల్ ఇదే పద్ధతిని పిల్లి మెదడులోని దృష్టి వల్కలానికి వర్తింపజేశారు. అక్కడి కణాలు చుక్కలకు అంతగా స్పందించలేదు. స్లయిడు అంచు నీడ ఒక ప్రత్యేక దిశలో కదిలినపుడు మాత్రం ఒక కణం తీవ్రంగా స్పందించింది. వరుసగా అమరిన గుండ్రని ప్రాంతాల సంకేతాలు ఒకే కణాన్ని చేరితే అది గీతను గుర్తించగలదని వారు ప్రతిపాదించారు. మానవుని దృష్టి వల్కలంలోని స్పందనను బట్టి అతడు చూస్తున్న గీతల దిశను చెప్పవచ్చునని 2005లో ఎం.ఆర్.ఐ. ప్రయోగాలు నిరూపించాయి.

పసితనంలో ఒక కన్ను మూసుకుపోతే దృష్టి వల్కలం ఆ కంటికి స్పందించే శక్తిని చాలావరకు కోల్పోతుందని కూడా హ్యూబెల్, వీజెల్ 1960వ దశకంలో పిల్లి పిల్లలలో కనుగొన్నారు. పుట్టుకతో వచ్చే శుక్లాలకు శిశువులలో త్వరగా శస్త్రచికిత్స చేయడానికి ఇది శాస్త్రీయ ఆధారమైంది.

గుర్తింపు

తాను స్వయంగా ప్రయోగం చేయని పరిశోధనాపత్రాలపై కఫ్లర్ తన పేరు వేసుకునేవాడు కాదు. అందువల్ల హ్యూబెల్, వీజెల్‌ల ప్రసిద్ధ పత్రాలలో ఇతని పేరు కనిపించదు. ఇతడు మరణించిన మరుసటి సంవత్సరం, 1981లో, వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.