ఎక్స్‌రే కనిపెట్టిన రాంట్‌జెన్

మనలో ఎవరైనా చెట్టు మీంచి పడి చెయ్యి వాస్తే ఆస్పత్రిలో ముందు అడిగేది ఎక్స్‌రే. దాన్ని కనిపెట్టినాయన గురించి చదివి మీకోసం రాస్తున్నాను. పేరు విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్. 1845 మార్చి 27న జర్మనీలో లెన్నెప్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి బట్టల వ్యాపారి. రాంట్‌జెన్‌కు మూడేళ్ళప్పుడు కుటుంబం హాలెండుకు వెళ్ళిపోయింది.

అక్కడ ఉట్రెక్ట్ బడిలో ఎవరో కుర్రవాడు మాస్టారి బొమ్మను వెక్కిరింతగా గీశాడు. గీసిందెవరో చెప్పమని రాంట్‌జెన్‌ను నిలదీశారు. చెప్పలేదు. బడి నుంచి తీసేశారు. నాకు ఆయన నచ్చింది ఇక్కడే. వార్డెన్ సార్లు కూడా చదువుతారు కాబట్టి దీని గురించి ఇంతకంటే రాయను.

ఆ దెబ్బ చాలా ఏళ్ళు వెంటాడింది. చేతిలో స్కూలు సర్టిఫికెట్ లేదు. 1865లో పరీక్ష రాసి స్విట్జర్లాండులోని జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో చేరాడు. 1869లో డాక్టరేటు వచ్చింది. అయినా ఆ సర్టిఫికెట్ లేదనే వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఉద్యోగం ఇవ్వలేదు. 1888లో అదే విశ్వవిద్యాలయం పిలిచి ప్రొఫెసర్ని చేసింది!

1895 నవంబర్ 8. గది చీకటి చేసి, గాలి తీసేసిన గాజు గొట్టంలోకి కరెంటు పంపిస్తున్నాడు. గొట్టానికి నల్ల అట్ట చుట్టాడు, వెలుతురు బయటికి రాదు. అయినా కొంచెం దూరంలో రసాయనం పూసిన తెర మెరిసింది. కంటికి కనపడని కిరణమేదో అట్టలోంచి దూరి వస్తోందన్నమాట. అదేంటో తెలియదు గనక, లెక్కల్లో తెలియనిదానికి పెట్టినట్టు ఎక్స్ అని పేరు పెట్టాడు. ఆరు వారాలు తిండీ నిద్రా ల్యాబులోనే. డిసెంబర్ 22న భార్య బెర్తా చేతిని ఫోటో పలక మీద పెట్టించి దాదాపు పావుగంట కిరణాలు పంపాడు. వేళ్ళ ఎముకలు, ఉంగరం అచ్చుపడ్డాయి. తన ఎముకలు తానే చూసుకుని ఆమె, చావు కనబడ్డట్టు హడలిపోయిందట.

మాంసంలోంచి ఈ కిరణాలు సులువుగా దూరిపోతాయి. ఎముకలో కాల్షియం ఉంటుంది గనక అక్కడ ఎక్కువ ఆగిపోతాయి. కిరణం తగిలిన చోట ఫిల్ము నల్లబడుతుంది, ఆగిన చోట తెల్లగా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి నల్లగా కనబడాలి. టి.బి. ఉంటే అక్కడ తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అంతకు ముందు ఒంట్లో తుపాకి గుండు ఎక్కడుందో డాక్టర్లు గాయంలో వేలు పెట్టి కెలికి వెతికేవారు. 1896 నుంచే ఫోటో చూసి తీయటం మొదలైంది.

1901లో ఫిజిక్సులో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే. ఆ డబ్బు వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. పేటెంటు తీసుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బుకు విలువ పోయి, దాచుకున్నదీ పోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో చనిపోయాడు. తన కాగితాలు కాల్చేయమని ముందే చెప్పిపెట్టాడు. అలాగే కాల్చేశారు.