గూడెం గడప దాకా చేరిన దీపం

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినగానే చేత దీపం పట్టుకుని, గాయపడిన సైనికుల మంచాల మధ్య తిరిగే స్త్రీ మన కళ్ల ముందు మెదులుతుంది. అయితే ఆ యుద్ధభూమిలో ఆమె గడిపినది రెండేళ్ల కన్నా తక్కువే. ఆ తర్వాతి జీవితంలో చాలా భాగం వైద్యం అందని పేదల కోసం, తానెన్నడూ కాలు మోపని మన దేశం కోసం తపించింది.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో ఆమె జన్మించింది. పదహారేళ్ల వయసులో, 1837 ఫిబ్రవరి 7న, దేవుడు తనను సేవకు పిలిచాడని గ్రహించింది. నర్సు పని ఆ రోజుల్లో పరువు తక్కువ పని. ఇంట్లో వాళ్లు ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్లు ఆ పిలుపును గుండెల్లోనే దాచుకుంది. చివరికి 1851లో జర్మనీలోని కైసర్స్‌వర్త్‌లో ఫ్లీడ్నర్ అనే పాస్టరు నడిపిన పరిచారికల ఆశ్రమంలో శిక్షణ పొందింది. ఆది సంఘంలో ఫీబే చేసిన పరిచర్యను మళ్లీ బ్రతికించిన చోటు అది.

1854లో క్రిమియా యుద్ధం వచ్చింది. 38 మంది స్త్రీలతో ఆమె టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. ఉతికిన బట్టలు, వేళకు ఆహారం, రాత్రింబగళ్లు సేవ. అయినా ఆ శీతకాలంలో మరణాలు ఆగలేదు. గాయాల కన్నా రోగాలే ఎక్కువ మందిని బలి తీసుకున్నాయి. 1855 వసంతంలో ఆసుపత్రి కింది మురుగు కాలువలను శుభ్రం చేయించాకే చావులు బాగా తగ్గాయి. ఇంగ్లండు తిరిగి వచ్చి లెక్కలు ముందేసుకుని చూసినప్పుడు ఈ సత్యం ఆమెను కుదిపేసింది. రోగం ముదిరాక చేసే సేవ ఒక్కటే చాలదు, రోగం పుట్టే చోటికే సేవ వెళ్లాలి!

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె నర్సుల పాఠశాల ఆరంభమైంది. పేదల ఇళ్లకు వెళ్లే నర్సులకు ఆసుపత్రి నర్సుల కన్నా ఎక్కువ శిక్షణ కావాలని ఆమె పట్టుబట్టింది. ఇంటి దగ్గర డాక్టరు పక్కన ఉండడు కదా! చూసి గుర్తుపట్టాల్సింది, ఎప్పుడు డాక్టరును పిలవాలో తేల్చాల్సింది నర్సే.

తానే రోగియై ఏళ్ల తరబడి గది దాటలేని స్థితిలోనూ ఆమె కలం ఆగలేదు. మన దేశంలోని బ్రిటిష్ సైనికులు ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి నివేదికలో లోకానికి చూపింది. అక్కడితో ఆగక పల్లెల వైపు చూసింది. గోదావరిపై ఆనకట్ట కట్టిన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపింది. పల్లె తల్లుల భాష, అలవాట్లు తెలిసిన స్త్రీలకు శిక్షణ ఇచ్చి, గడప గడపకూ పంపి ఆరోగ్యం నేర్పాలని 1890లలో కోరింది. 1910 ఆగస్టు 13న ప్రభువునందు నిద్రించింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి వద్దన్నారు కుటుంబీకులు, అది ఆమె కోరికే. పల్లెటూరి చర్చి ఆవరణలోని ఆమె సమాధి రాతిపై పూర్తి పేరు కూడా లేదు, రెండు పొడి అక్షరాలే!

ఆ కాటన్ దొర సహచరుడు హేగ్ దొరే భద్రాచలం పక్కన దుమ్ముగూడెంలో ఆనకట్ట పని నడిపించి, 1860 ప్రాంతంలో కోయల మధ్య సువార్త పనికి పునాది వేశాడు. ఆ అడవి అంచున ఈనాటికీ వాగు పొంగితే దారి ఉండదు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి రోజుల్లో గూడేనికి దిక్కు సబ్‌సెంటర్ నర్సమ్మే. వేలి నుంచి నెత్తుటి చుక్క తీసి మలేరియా పరీక్ష చేసేది, పసివాడికి టీకా వేసేది, గర్భిణికి బి.పి. చూసి ప్రమాదం పసిగట్టి ముందే ఆసుపత్రికి పంపేది ఆమే. మామూలు కాన్పులు స్వయంగా చేయగలిగేలా నర్సులకు ప్రత్యేక శిక్షణ తెలంగాణలో 2017లో మొదలైంది. నైటింగేల్ కోరింది ఇదే కదా.

ప్రియులారా, ఐగుప్తులో ఫరోకు కాక దేవునికి భయపడి పసిబిడ్డల్ని బ్రతికించిన షిఫ్రా, పూయా అనే మంత్రసానుల పేర్లను బైబిలు భద్రపరిచింది. ఆ ఫరో పేరు మాత్రం అక్కడ లేదు! మన సంఘాల్లో జ్వరం వచ్చిన బిడ్డను ప్రార్థన పేరుతో మూడు నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచే విశ్వాసులు ఇంకా ఉన్నారు. మెదడుకెక్కే మలేరియా అన్ని రోజులు ఆగదు. ప్రార్థించే మోకాళ్లకూ రక్తపరీక్షకూ పోటీ లేదు. వైద్యుడైన లూకా పౌలుకు తోటి పనివాడే కదా!

నర్సమ్మ గూడేనికి వచ్చిన రోజు మందిరం తలుపులు తెరిచి టీకాలకు చోటివ్వండి. ఆమె మాట మీద తల్లులకు నమ్మకం కలిగించండి. మీ కుమార్తె నర్సునవుతానంటే, అడవి పల్లెకు వెళ్తానంటే అడ్డు చెప్పకండి. ఆ పిలుపు ఎవరిదో ఆమెకు తెలిసి ఉండవచ్చు.