ఎక్స్, వై లేకుండానే జవాబు.. 9వ శతాబ్దపు లెక్కల మాస్టారు మహావీరాచార్యుడి కథ

కొల్లూరు (సంగారెడ్డి జిల్లా): తొమ్మిది మాదీఫలాలు, ఏడు వెలగపండ్లు కలిపి కొంటే 107 అయ్యింది. అదే ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్లు అయితే 101. మరి ఒక్కో పండు ధరెంత?

ఇది ఈ మధ్య వాట్సాప్‌లో తిరుగుతున్న పజిల్ కాదు. క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు ఇచ్చిన లెక్క. ఇప్పుడు కొల్లూరు, పటాన్‌చెరు బడుల్లో పదో తరగతి పిల్లలు కుస్తీ పడుతున్న రేఖీయ సమీకరణాల జత అంటే అసలు ఇదే.

ఇంతకీ ఎవరీయన? జైన తీర్థంకరుడు వర్ధమాన మహావీరుడు వేరు, ఈయన వేరు. ఈయన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడి కాలం నాటి జైన పండితుడు. అమోఘవర్షుడు 60 ఏళ్లకు పైగా రాజ్యమేలాడు. ఆయన రాజధాని మాన్యఖేటం, ఇప్పటి కర్ణాటక కలబురగి జిల్లాలోని మల్ఖేడ్. మనకు మరీ దూరమేం కాదు. లింగంపల్లి నుంచి వికారాబాద్, తాండూరు దాటి వాడి వైపు వెళ్లే రైలు మార్గంలోనే మల్ఖేడ్ రోడ్ స్టేషన్ ఉంటుంది. జైనం ఆ రోజుల్లో మన వైపు కూడా గట్టిగానే ఉండేది. పటాన్‌చెరులో దొరికిన జైన శిల్పాలే అందుకు గుర్తు.

మహావీరాచార్యుడు తన ఊరు, తల్లిదండ్రుల గురించి పుస్తకంలో చెప్పుకోలేదు. రాజును పొగిడాడు, లెక్కల్ని ఇంకా ఎక్కువ పొగిడాడు. వంటింటి నుంచి వైద్యం, సంగీతం, ఇంటి నిర్మాణం దాకా లెక్క లేనిదే ఏదీ నడవదన్నది ఆయన మాట. అప్పటిదాకా గణితం ఎక్కువగా జ్యోతిష గ్రంథాల్లో ఒక అధ్యాయంగా ఉండేది. ఈయన గ్రహాల జోలికి పోకుండా, వెయ్యికి పైగా సంస్కృత శ్లోకాల్లో కేవలం లెక్కల మీదే ‘గణితసారసంగ్రహం’ రాశాడు.

సరే, పండ్ల లెక్కకు వద్దాం. ఆయన చెప్పిన పద్ధతి ఇదీ. పెద్ద ధరను పెద్ద సంఖ్యతో గుణించు: 107ను 9తో గుణిస్తే 963. చిన్న ధరను చిన్న సంఖ్యతో గుణించు: 101ని 7తో గుణిస్తే 707. తేడా 256. ఇక 9 వర్గం 81లోంచి 7 వర్గం 49 తీసేస్తే 32. 256ను 32తో భాగిస్తే 8. మాదీఫలం ధర 8, మిగతాది తీసి చూస్తే వెలగపండు ధర 5. ఎక్స్ లేదు, వై లేదు. బడిలో ఒక చరరాశిని తొలగించే పద్ధతి చెబుతారు కదా, దాన్నే ఈయన ఒక్క సూత్రంలో పెట్టేశాడు. కాకపోతే రెండో బేరంలో పండ్ల సంఖ్యలు అటూ ఇటూ మారినప్పుడే ఈ షార్ట్‌కట్ పనిచేస్తుంది.

ఇంకో లెక్క ఇంకా మజాగా ఉంటుంది. ముగ్గురు వ్యాపారులకు దారిలో డబ్బు మూట కనిపించింది. అది నాకొస్తే మీ ఇద్దరి సొమ్ముకు రెట్టింపు నా దగ్గరుంటుంది అన్నాడు మొదటివాడు. నాకొస్తే మూడు రెట్లు అన్నాడు రెండోవాడు. మూడోవాడు ఐదు రెట్లన్నాడు. ఎవరి దగ్గర ఎంతుంది? మూటలో ఎంత? జవాబు చివర్లో చూడండి.

అయితే ప్రపంచంలో ఇలాంటి లెక్క మొదట చేసింది ఈయనేనని పోస్టులు పెట్టకండి. చైనాలో అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే చేశారు. మన ఆర్యభటుడి దగ్గరా ఈ తరహా సూత్రం ఉంది. పైగా మహావీరాచార్యుడు ఒక చోట తప్పులో కాలేశాడు కూడా. ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే అది మారదని రాశాడు. రుణ సంఖ్యకు వర్గమూలం లేదని మాత్రం స్పష్టంగా చెప్పాడు.

ఈ పుస్తకం తెలుగువాళ్లకు చాలా ముందే అందింది. రాజరాజ నరేంద్రుడి కాలం వాడని చెప్పే పావులూరి మల్లన దీన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథం అదే. మక్కీకి మక్కీ దించలేదు. మూలంలో జైన వాసన ఉన్న ఉదాహరణల చోట శివుడిని తెచ్చి పెట్టాడు.

సంస్కృత మూలం మాత్రం రాతప్రతుల్లోనే ఉండిపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ ఎం.రంగాచార్య వాటిని సరిచూసి, ఇంగ్లిష్ అనువాదంతో 1912లో అచ్చులోకి తెచ్చారు. దాంతో బయటి ప్రపంచానికి మహావీరాచార్యుడి పేరు బాగా తెలిసింది.

ఇక మూట లెక్క జవాబు.. వ్యాపారుల దగ్గర వరుసగా 1, 3, 5. మూటలో 15. ఈ నాలుగింటినీ ఒకే అంకెతో గుణించినా లెక్క సరిపోతుంది. మూడు షరతులు, నాలుగు తెలియని సంఖ్యలు మరి!