పైశాచీకవి గుణాఢ్యుడు

తెలుగునేల నేలిన శాతవాహనుల ఆస్థానమున గుణాఢ్యుడను మంత్రి యుండెనని ప్రతీతి. రాజునకు సంస్కృతవ్యాకరణము ఆరేండ్లలో నేర్పుదునని ఆయన యనగా, ఆరునెలలు చాలునని శర్వవర్మ పందెము గెలిచెను. ఓడిన గుణాఢ్యుడు సంస్కృత, ప్రాకృత, దేశభాషలను విడిచి, వింధ్యాటవిలో పిశాచముల పలుకు నేర్చి, తన నెత్తుటితో ఏడు లక్షల శ్లోకముల బృహత్కథ వ్రాసెను. పైశాచియని రాజు దానిని త్రోసిపుచ్చెను.

గుణాఢ్యుడు ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించి అగ్నిలో వేసెను. అవి మేత మాని కన్నీరు కార్చినవి. రాజు పశ్చాత్తాపముతో వచ్చుసరికి మిగిలినది లక్ష మాత్రమే. అదియు నేడు లభ్యము కాదు.

అయినను దాని ననుసరించి 11వ శతాబ్దిలో కాశ్మీరకవి సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున, శవము నావహించిన బేతాళుడు నేటికిని రాజును ప్రశ్నించుచునే యున్నాడు. 1870లో బర్టన్ ఆ బేతాళుని రక్తపిశాచిగా ఆంగ్లపాఠకులకు పరిచయము చేసెను. డ్రాక్యులా నవల వెలువడినది 1897లో!